జంప్ మార్చేశారు

పాత ఆటను మళ్లీ అమ్మేవాళ్ల కష్టం పగవాడికి కూడా వద్దు. కొత్త ఆట కొన్నవాడు, నచ్చకపోతే నాలుగు తిట్టి ఊరుకుంటాడు. పాత ఆట మళ్లీ కొన్నవాడు అలా ఊరుకోడు. ఆటతో పాటు తన ఇరవై ఏళ్ల వయసును కూడా మడతపెట్టి లోపల పెట్టారనుకుంటాడు. అది కనపడకపోతే, ఏదో మార్చేశారని ఊరంతా ఏకం చేస్తాడు.

'డిపో' విషయంలో జరిగింది అదే. ఆ ఆటకి అసలు పేరు వేరే ఉంది, బారెడు పొడుగు. దాంట్లో పదకొండు మైదానాలున్నా అందరూ ఆడేది ఒక్క గూడ్సు డిపోలోనే కాబట్టి జనం నోట్లో ఆ పేరే మిగిలింది. నలుగురు ఇటు, నలుగురు అటు. తుపాకులు, సిమెంటు బస్తాలు, రెండు పాత రైలు పెట్టెలు, వాటి పైన గుమస్తా గది, ఆ గదికి ఒక కిటికీ. గది ఎవరి చేతిలో ఉంటే డిపో వాళ్లది. మెట్ల మీదుగా వెళ్తే ఎదుటివాళ్లు కాచుకుని ఉంటారు. కిటికీలోంచి లోపలికి దూకితే ఎవరికీ తెలియదు. కానీ కిటికీ బాగా ఎత్తు. గెంతి, గాల్లో ఉండగానే కాళ్లు ముడుచుకోవాలి. అంటే ఎడమ బొటనవేలితో స్పేస్ బార్ నొక్కి, రెప్పపాటు ఆగి, ఎడమ చిటికెన వేలితో మూలనున్న బటన్ నొక్కాలి. కాస్త ముందైనా, కాస్త వెనకైనా గోడకి గుద్దుకుని కింద పడటమే.

ఇరవై రెండేళ్ల క్రితం, ఆరు కంప్యూటర్లున్న నెట్ సెంటర్లో, ఆ దూకుడు ఒక్కడికే కొట్టిన పిండి. అందుకే అతనికి కిటికీ అని పేరు పడింది. ఇప్పుడు అతనికి నలభై నాలుగు. పద్దెనిమిది అంతస్తుల ఎత్తున, గాజు క్యాబిన్‌లో కూర్చుని టవర్ క్రేన్ నడుపుతాడు. నడిపేవాడు అనాలి. ఐదు నెలల క్రితం ఒక ఉదయం మొహం కడుక్కుంటుంటే మగ్గు నేలమీద పడి దొర్లింది. పడిన చప్పుడు విన్నాడు గానీ, అది తన చేతిలోంచే జారిందని తెలియలేదు.

మెదడులో ఆవగింజంత చోట రక్తం అందలేదన్నారు. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మాట పోలేదు, నడక పోలేదు, మూతి వంకర పోలేదు. చూడడానికి వచ్చినవాళ్లందరూ అదృష్టవంతుడివి అన్నారు. అతను కూడా అవునన్నాడు. ఎడమ మోచేతి నుంచి కిందికి మాత్రం ఏమీ తెలియదు. చెయ్యి ఉంది, బలం ఉంది, చెప్పిన పని చేస్తుంది. కాకపోతే దాని వైపు చూస్తూ చెప్పాలి. చూపు తిప్పితే అది తన దారిన తను పోతుంది.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దాచాలని పెద్ద ఎత్తేమీ వేయలేదు. ఎలా ఉందని అడిగితే బాగానే ఉందనడం తేలిక, అంతే. బాధ వేయాలి కదా అని ఒకటి రెండు సార్లు అనుకున్నాడు. వేయలేదు. కూతురు హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఏడ్చినప్పుడు కూడా, ఎవరింట్లోనో టీవీ మోగుతున్నట్టు విన్నాడు. ఒక్కటి మాత్రం అనిపించేది: మళ్లీ క్రేన్ ఎక్కాలి. ఎక్కితే ఏమవుతుందో ఆలోచించలేదు. నేల మీద ఎటు కదిలినా "మెల్లగా, జాగ్రత్త" అంటున్నారు. పైన ఆ మాట అనేవాళ్లు ఉండరు.

ఆట మళ్లీ వస్తోందన్న కబురు మోసుకొచ్చినవాడు బావమరిది. ఈ బావమరిది పెళ్లితో వచ్చినవాడు కాదు. ముందు నెట్ సెంటర్లో పక్క సీటువాడు. అతని అక్కని కిటికీ చేసుకున్నాక బావమరిది అయ్యాడు. పనిలో కూడా జంటే. పైన కిటికీ క్రేన్ నడుపుతుంటే, కింద బరువులకి గొలుసులు కట్టి, వాకీటాకీలో "ఎత్తు బావా, ఎడమకి బావా, చాలు బావా" అని చెప్పేవాడు అతనే. డిపోలో ఆట మొదలయ్యే ముందు జట్టులో నలుగురూ గేటు దగ్గర రెండుసార్లు గొంతుక్కూచుని లేచేవాళ్లు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. సైటులో కూడా రోజూ మొదటి బరువు కట్టే ముందు బావమరిది రెండుసార్లు మోకాళ్లు వంచేవాడు. పైనుంచి కిటికీ ఖాళీ కొక్కేన్ని రెండుసార్లు దించి ఎత్తేవాడు. సైటు ఇంజనీరు అదేదో భద్రతా నియమం అనుకుని వేరే క్రేను వాళ్లకి కూడా నేర్పించాడు.

కూతురు హాస్టల్‌కి వెళ్లాక మూలపడి ఉన్న కంప్యూటర్లో బావమరిది ఆట ఎక్కించాడు. మిగతా ఇద్దరినీ వెతికి పట్టుకున్నాడు. ఒకడు స్కూల్లో లెక్కలు చెప్తున్నాడు, వాణ్ణి మాస్టారు అంటారు. ఇంకొకడికి మందుల షాపు ఉంది, వాడి పేరు గోలీ. ఇద్దరూ దూరంగా వేరే ఊళ్లలో ఉన్నారు, హెడ్‌ఫోన్‌లో మాటలే. ఆదివారాలు సాయంత్రం నాలుగింటికి కలవాలని నిర్ణయించుకున్నారు.

మొదటి ఆదివారం డిపో తెరుచుకోగానే నలుగురూ అటూ ఇటూ తిరిగి చూశారు. సిమెంటు బస్తాల కుట్లు కూడా కనపడుతున్నాయి. రైలు పెట్టెల తుప్పు నిజం తుప్పులా ఉంది. గేటు దగ్గర రెండుసార్లు గొంతుక్కూచుని లేచారు.

"పద రా కిటికీ," అన్నాడు గోలీ. "నీ కోసం ఇరవై ఏళ్లుగా తెరిచే ఉంచారు."

కిటికీ పరిగెత్తి గెంతాడు. గోడకి గుద్దుకుని కింద పడ్డాడు. మళ్లీ గెంతాడు, మళ్లీ పడ్డాడు. నాలుగోసారికి ఎదుటి జట్టువాడెవడో తాపీగా వచ్చి కాల్చి పోయాడు.

"ఏమైంది బావా?" అన్నాడు బావమరిది.

చిటికెన వేలు నొక్కాననే అనుకున్నాడు కిటికీ. నొక్కమని దానికి చెప్పాడు కదా. నోటికి ఏది ముందు వస్తే అది అనేశాడు.

"జంప్ మార్చేశారు."

మిగతా ముగ్గురూ వెళ్లి తలా పదిసార్లు గెంతి చూశారు. ఒక్కడూ దూకలేకపోయాడు. "నిజమే రోయ్, మార్చేశారు," అన్నాడు మాస్టారు, చాలా నమ్మకంగా. ఆ రోజుల్లో కూడా మాస్టారు ఆ కిటికీ ఒక్కసారైనా దూకి ఎరగడు. ఇరవై రెండేళ్లలో ఆ ముక్క వాడి మనసులోంచి ఎప్పుడో జారిపోయింది.

బావమరిదికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజే కంపెనీకి పొడుగాటి ఉత్తరం రాశాడు, ఆటగాళ్లందరూ చూసే చోట పెట్టాడు. "మా బావ ఈ కిటికీని కొన్ని వేలసార్లు దూకాడు. ఆయన చెయ్యి తప్పదు. మీరే ఏదో కెలికారు." అని దాంట్లో ఉంది. వారం తిరిగేసరికి దాని కింద నాలుగు వేలమంది చేరారు. అందరూ నలభై దాటినవాళ్లే. కళ్లజోళ్లు మారినవాళ్లు, మెడకి పట్టీలు వేసుకున్నవాళ్లు, మనవళ్లని ఒళ్లో పెట్టుకుని ఆడేవాళ్లు. అందరిదీ ఒకటే మాట: పాత ఆటలో సులువుగా దూకేవాళ్లం, ఇప్పుడు కుదరడం లేదు, కాబట్టి ఆట మారింది. వయసు మారిందని ఒక్కడైనా అంటే ఒట్టు.

కంపెనీ మర్యాదగానే జవాబిచ్చింది. పాత ఆటనీ కొత్త ఆటనీ పక్కపక్కన పెట్టి, సెకనుని అరవై ముక్కలు చేసి కొలిచామని, జంప్‌లో వెంట్రుకవాసి తేడా లేదని, కావాలంటే చూసుకోమని వీడియో పెట్టింది. ఆ వీడియో చూసి నాలుగు వేలమంది కాస్తా తొమ్మిది వేలయ్యారు. వీడియోని కూడా మార్చేశారన్నారు.

కిటికీ ఆ వీడియో ఒక్కడే కూర్చుని చూశాడు. ఎడమవైపు పాత మనిషి, కుడివైపు కొత్త మనిషి. ఇద్దరూ ఒకేసారి గెంతారు, ఒకేసారి కాళ్లు ముడిచారు, ఒకేసారి లోపల పడ్డారు. మూడుసార్లు చూసి కట్టేశాడు. ఏమీ అనిపించలేదు. లేచి వెళ్లి కొళాయి కింద గిన్నె పెట్టి, నిండిందో లేదో చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత ఆదివారాలు కూడా ఆడాడు. కిటికీ జోలికి పోకుండా గేటు దగ్గరే ఉండి కుడిచేత్తో కాల్చేవాడు. అది బాగానే సాగేది.

నెలాఖరులో తను పనిచేసే కంపెనీ డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆయన రెండు వేళ్లు చాపి పిండమన్నాడు. కిటికీ తన ఎడమచేతి వైపు చూస్తూ గట్టిగా పిండాడు. చెయ్యి ఎత్తమన్నాడు, ఎత్తాడు. ముక్కు తాకమన్నాడు, చెయ్యి ఎటు పోతోందో ఓరకంట చూసుకుంటూ తాకాడు. కళ్లు మూసుకోమని ఆయన అనలేదు. బయట ఇంకా పదిహేను మంది కూర్చుని ఉన్నారు. ఆరు నిమిషాల్లో కాగితం మీద సంతకం పడింది.

సైటు ఇంజనీరు మాత్రం కాగితం చూసి కూడా తటపటాయించాడట. "అంత ఎత్తున కూర్చునే మనిషి, మనం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి," అన్నాడట. అప్పుడు బావమరిది కలగజేసుకున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ సంగతి తనే చెప్పాడు.

"నేను గ్యారంటీ అన్నాను బావా. ప్రతి ఆదివారం మాతో రెండు గంటలు ఆడతాడు సార్, ఆయన వేళ్లు ఎలా పరిగెడతాయో నాకు తెలుసు అన్నాను. కింద నిలబడేది నేనే కదా సార్, నాకు లేని భయం మీకెందుకు అన్నాను. దాంతో ఒప్పుకున్నాడు. వచ్చే నెల మొదటి సోమవారం ఎక్కేస్తున్నావు."

"సరే," అన్నాడు కిటికీ.

"సరే ఏంటి బావా, కాస్త నవ్వొచ్చు కదా."

కిటికీ నవ్వాడు. లోపల వెతికి చూసుకున్నాడు, సంతోషం దొరుకుతుందేమోనని.

అక్కడే ఉన్న భార్య టీ గ్లాసులు తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. ఆమె కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. ఎదుటివాళ్లకి ఏ అక్షరం కనపడుతోందో, ఏది కనపడకుండానే చదివేస్తున్నారో పట్టుకోవడం ఆమెకి రోజూ ఉండే పని. బావమరిది మాటల్లో ఉన్నాడు. అతని టీ గ్లాసు పట్టుకోలేనంత వేడిగా ఉంటే అంగీ చివరతో పట్టుకుని ఊదుకుంటున్నాడు. కిటికీ తన గ్లాసుని ఎడమ అరచేత్తో నిండుగా పట్టుకుని, బావమరిది మొహంలోకి చూస్తూ వింటున్నాడు. ఆమె వచ్చి గ్లాసు తీసి అతని కుడివైపు బల్ల మీద పెట్టింది. అప్పుడు చూసుకున్నాడు, అరచెయ్యి ఎర్రగా కమిలి ఉంది.

తమ్ముడు వెళ్లాక ఆమె ఆ చేతికి మందు రాసింది. చాలాసేపు రాసింది. రాస్తోందని చూస్తేనే అతనికి తెలుస్తోంది.

"సోమవారం వెళ్తారా?"

"వెళ్లాలి కదా."

"కింద వాడే ఉంటాడు కదండీ."

"ఉంటాడు."

"ఏదైనా ఉంటే మీ నోటితోనే చెప్పాలి. నేను చెప్తే వాడు నమ్మడు. మీరంటే వాడికి అంత."

అతను మందు రాసిన అరచేతి వైపు చూశాడు. చెప్పడానికి మాటలు ఉన్నాయి. అవి ఎవరివో అన్నట్టు ఉన్నాయి. ఆమె మందు డబ్బా మూత బిగించి లేచిపోయింది. ఆ వారమంతా అన్నం దగ్గర కూడా అవసరమైనంత వరకే మాట్లాడింది.

సోమవారానికి రెండు రోజుల ముందు, శనివారం, ఆట కంపెనీ చేతులెత్తేసింది. కొత్త అప్‌డేట్ వదిలింది. పాత అభిమానుల కోరిక మీద డిపో కిటికీ జంప్‌ని 'అసలు పద్ధతికి' తెచ్చామని రాసుకుంది. తెచ్చిందేమీ లేదు. మూల బటన్ కాస్త ముందు నొక్కినా, వెనక నొక్కినా మనిషి లోపలికి పోయేలా సడలించింది. తొమ్మిది వేలమంది పండగ చేసుకున్నారు. చూశారా, మార్చారని మేము అనలేదా అన్నారు. బావమరిది ఆ రోజు నాలుగుసార్లు ఫోన్ చేశాడు.

ఆదివారం నాలుగింటికి కూర్చున్నారు. గేటు దగ్గర రెండుసార్లు గొంతుక్కూచున్నారు. గోలీ మొదటి గెంతుకే కిటికీలోంచి లోపల పడ్డాడు. పడి, చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. మాస్టారు రెండోసారికి దూకాడు. "ఇదీ, ఇదీ పాత జంప్ అంటే," అన్నాడు, జన్మలో మొదటిసారి దూకినవాడు. బావమరిది దూకి, లోపలి నుంచి వంగి చూస్తూ పిలిచాడు.

"రా బావా. నీ కోసమే బాగు చేయించాను."

కిటికీ పరిగెత్తి గెంతాడు. పడ్డాడు.

"కంగారేం లేదు, ఇంకోసారి. ఇప్పుడు ఎప్పుడు నొక్కినా పడుతుంది."

గెంతాడు. పడ్డాడు. కింద నిలబడి పైకి చూస్తే, గుమస్తా గది కిటికీలో ముగ్గురి తలలూ వరసగా కనపడుతున్నాయి.

"మూల బటన్ నొక్కుతున్నావా బావా?"

"నొక్కుతున్నాను."

నొక్కుతున్నాననే అనుకుంటున్నాడు. ఏడు వారాల్లో మొదటిసారి తెర మీదనుంచి చూపు తిప్పి కిందికి చూశాడు. బొటనవేలు స్పేస్ బార్ మీదే ఉంది. చిటికెన వేలు కీబోర్డు దాటి బయటికి పోయి, బల్ల మీద ఉంది. నొక్కుతోంది. గోరు తెల్లగా పాలిపోయేంత గట్టిగా, ఒట్టి చెక్కని నొక్కుతోంది. తను చెప్పిన పని తను చెప్పినట్టే చేస్తోంది, ఎక్కడ చేస్తోందో మాత్రం దానికి తెలియదు.

క్యాబిన్‌లో ఎడమచేతి కింద ఉండే లివరు గుర్తొచ్చింది. క్రేన్ పొడుగాటి చెయ్యిని అటూ ఇటూ తిప్పేది అదే. పైన కూర్చున్నవాడు ఆ లివరు వైపు చూడడు. కింద బరువు వైపు చూస్తాడు. బరువు పక్కన పసుపు హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డ మనిషి వైపు చూస్తాడు.

భయం వేసింది. ఐదు నెలల తర్వాత లోపల కదిలిన మొదటి సంగతి అదే. అతనికి చాలా భయం వేసింది.

"ఆట బాగానే ఉంది," అన్నాడు.

"అదే కదా చెప్తున్నాను, బాగుచేశారని."

"మొదటినుంచీ బాగానే ఉంది. వాళ్లేమీ మార్చలేదు. నా ఎడమచేతికి ఏమీ తెలియడం లేదు."

హెడ్‌ఫోన్‌లో ఎవరి ఇంట్లోదో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినపడింది.

"సూది గుచ్చినా తెలియదా?" అన్నాడు గోలీ. మందుల షాపులో అడిగే గొంతుతోనే అడిగాడు.

"తెలియదు."

"ఎప్పటినుంచి?" ఈసారి అడిగింది బావమరిది.

"ఆసుపత్రి నుంచి."

"నేను ఆ ఉత్తరం రాసినప్పుడు?"

"అప్పుడు కూడా."

"ఇంజనీరు ముందు నేను గ్యారంటీ అన్నప్పుడు?"

"అప్పుడు కూడా."

బావమరిది ఇంకొకటి అడిగాడు. "రేపు ఎక్కేవాడివా?"

అబద్ధం చెప్పడం ఇప్పుడు కూడా తేలికే. "ఎక్కేవాణ్ణి," అన్నాడు కిటికీ.

గుమస్తా గది కిటికీలోంచి ఒక తల మాయమైంది. బావమరిది వెళ్లిపోయాడని తెర మీద అక్షరాలు పడ్డాయి. మాస్టారు ఒళ్లు జాగ్రత్త అని ఏదో చెప్పబోయి మానేశాడు. కిటికీ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

ఇరవై నిమిషాలకి వీధిలో బండి ఆగింది. బావమరిది ఇంటి చెప్పులతోనే వచ్చేశాడు. అక్కని దాటుకుని లోపలికి వచ్చాడు. కుర్చీ లాక్కుని కిటికీ ఎదురుగా కూర్చుని, అతని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"నా వైపు కాదు, గోడ వైపు చూడు," అన్నాడు.

డాక్టరు అనని మాట అది. కిటికీ గోడ వైపు చూశాడు. అక్కడ కూతురు ఎప్పుడో అంటించిన టైంటేబుల్ ఉంది.

"తెలుస్తోందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు కూడానా బావా?"

"లేదు రా."

ఎడమచేతిని ఏం చేస్తున్నాడో, ఎంత గట్టిగా చేస్తున్నాడో, గోడ వైపు చూస్తున్న కిటికీకి ఏమీ తెలియలేదు. కుడిచేతికి మాత్రం అన్నీ తెలుస్తాయి. దాన్ని పట్టుకున్న బావమరిది చెయ్యి ఆగకుండా వణుకుతోంది.